“సాఫ్ట్‌వేరా అమ్మా?” అని అడిగితే “కాదండీ, సపోర్ట్” అని చెప్పడానికి నాకు నాలుగేళ్లు పట్టింది

కెమెరా ముందు మాట్లాడటం నాకు ఇదే ఫస్ట్ టైం. తడబడితే ఏమనుకోకండి. ఫోన్‌లో అయితే రోజుకి ముప్పై మందితో మాట్లాడతా, అదే నా ఉద్యోగం. మొహం కనపడుతుంటే మాత్రం కొంచెం భయం.

నాది మార్కాపురం. చిన్నప్పుడు మీరు పలక మీద అఆలు దిద్దారంటే, ఆ పలక మా ఊరి నుంచి వచ్చి ఉండొచ్చు. మా నాన్న పలకల కార్ఖానాలో పనిచేసేవారు. ఇప్పుడు పలకలు కొనేవాళ్లే తగ్గిపోయారు కదా, పని కూడా అంతంతమాత్రం. నేను అక్కడే డిగ్రీ, బీఎస్సీ ఎంపీసీఎస్, 2021లో పూర్తి చేశా. అందులో ఏడాదిన్నర కరోనాలోనే పోయింది. క్లాసులన్నీ ఫోన్‌లోనే. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, డిగ్రీలో కంప్యూటర్స్ చదివిన నేను సీపీయూ మూత ఒక్కసారి కూడా తీసి చూడలేదు.

2022 జనవరిలో హైదరాబాద్ వచ్చా. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఎల్.బి.నగర్‌లో దిగి, మెట్రో పట్టుకుని అమీర్‌పేట. స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిచేలోపు నా చేతిలో పదకొండు పాంప్లెట్లు. జావా, పైథాన్, డెవాప్స్, శాప్... ఏ కాగితం చూసినా “జాబ్ అసిస్టెన్స్” అని పెద్దక్షరాలు. నేను హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్కింగ్ ఎందుకు తీసుకున్నానంటే, అన్నిటికంటే అదే చవక. పదిహేను వేలు, మూడు నెలలు. కౌన్సిలర్ మేడం కూడా “కోడింగ్ రాకపోతే ఇదే బెస్టమ్మా” అన్నారు. ఆ మాట అప్పుడు నాకు ధైర్యంగా అనిపించింది. తర్వాత తెలిసింది, ఈ ఫీల్డ్‌ని బయటివాళ్లు చూసేది కూడా సరిగ్గా ఆ కళ్లతోనే అని.

ఆ ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద “ఎంసీఎస్ఏ” అని రాసుంది. మైక్రోసాఫ్ట్ ఆ సర్టిఫికేషన్‌ని 2021 జనవరి 31తో ఆపేసింది. అంటే నేను చేరేనాటికి అది లేదు. ఏడాది క్రితమే పోయిన పరీక్షకి మూడు నెలలు నోట్సు రాసుకున్నా. అలాగని సార్ చెడ్డవారు కాదు, బాగానే చెప్పారు. డొమైన్ అంటే ఏంటి, డీహెచ్‌సీపీ ఐపీ ఎలా ఇస్తుంది, డీఎన్‌ఎస్ ఏం చేస్తుంది, ఇవి ఆయన దగ్గర నేర్చుకున్నవే, ఇప్పటికీ పనికొస్తున్నాయి. కానీ నేను చేసిన తప్పేంటంటే, డబ్బు కట్టేముందు ఆ కోర్సు పేరు ఫోన్‌లో ఒక్క నిమిషం వెతకలేదు. మీ చేతిలో ఇప్పుడున్నది ఫోనే కదా, దయచేసి వెతకండి.

కోర్సు ఏప్రిల్‌లో అయింది. అక్కడి నుంచి ఏడెనిమిది నెలలు చుక్కలు కనపడ్డాయి. “ఫ్రెషర్స్ కావాలి” అని యాడ్ ఉంటుంది. వెళ్తే “మినిమం ఒక ఏడాది ఎక్స్‌పీరియన్స్” అంటారు. మరి ఫ్రెషర్ అని ఎందుకు రాశారండీ అంటే, శాలరీ ఫ్రెషర్‌దని అర్థమట. ఒకచోట లాప్‌టాప్ డిపాజిట్ అని రెండున్నర వేలు కట్టించుకున్నారు. మర్నాటి నుంచి ఆ నంబర్ స్విచాఫ్. అది నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు. ఈ వీడియో చూస్తే తెలుస్తుంది, చూడనీలే.

మొదటి అసలైన ఇంటర్వ్యూ గురించి చెప్తా, ఎందుకంటే దానితో తర్వాత పని ఉంది. మాదాపూర్‌లో ఒక ఆఫీసు. ఆయన అడిగిన ప్రశ్న: “ఒక యూజర్‌కి నెట్ రావట్లేదు. ఐపీ చూస్తే 169.254తో మొదలవుతోంది. ఏంటది?” నాకు నోటికి వచ్చు. “ఏపీఐపీఏ సార్, ఆటోమేటిక్ ప్రైవేట్ ఐపీ అడ్రెసింగ్” అని గడగడా చెప్పా. ఆయన తలూపి, “సరే, ఇప్పుడేం చేస్తావ్?” అన్నారు. నేను మళ్లీ ఫుల్ ఫామ్ చెప్పా. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. “ఓకే అమ్మా, కాల్ చేస్తాం” అన్నారు. మీకు తెలుసుగా, ఆ కాల్ రాదు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో మా రూంలో నలుగురం. అందులో ఒకమ్మాయి కన్సల్టెన్సీకి లక్షా ఇరవై వేలు కట్టింది. వాళ్లేం ఇస్తారంటే, రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటరు, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటరు, అవసరమైతే ఇంటర్వ్యూకి మన బదులు ఇంకొకరు మాట్లాడటం. “అందరూ ఇదే చేస్తున్నారే, నువ్వొక్కదానివే పిచ్చిదానిలా తిరుగుతున్నావ్” అనేది. నిజంగానే ఆరు నెలల్లో తనకి ఉద్యోగం వచ్చింది, ముప్పై వేల జీతం. స్వీట్లు పంచింది. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి నేనూ కడతానని అడిగా. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అమ్మ గాజులు తమ్ముడి ఫీజుకి ఇప్పటికే బ్యాంకులో ఉన్నాయమ్మా, ఇంకేం పెట్టాలో చూస్తా” అన్నారు. పెట్టడానికి ఏమీ లేదు. అలా ఆగిపోయా. నేనేదో నిజాయితీపరురాలినని ఆగలేదండీ. డబ్బుల్లేక ఆగా. ఈ తేడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే.

ఆ అమ్మాయికి నాలుగో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వచ్చింది. చాలామందికి తెలియనిది ఇదే: కాగితాలు ఎంత బాగా ప్రింట్ చేసినా, పీఎఫ్ ఖాతా మీద ఒక యూఏఎన్ నంబర్ ఉంటుంది, దాంట్లో సర్వీస్ హిస్టరీ ఉంటుంది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అని. రెండేళ్లు పనిచేశానని చెప్పి అందులో ఒక్క నెల కూడా లేకపోతే అడగరా? అడిగారు. అదే రోజు లాప్‌టాప్ తీసేసుకుని గేటు దాకా సెక్యూరిటీని తోడిచ్చి పంపారు. తను ఆ రాత్రి రూంలో ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. అప్పు తనది కాదు, వాళ్ల మామయ్య వడ్డీకి తెచ్చింది.

సరే. 2022 ఆగస్టులో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ అంటారు కదా, చెనాయ్ ట్రేడ్ సెంటర్, అక్కడ ఒక లాప్‌టాప్ సర్వీస్ షాపులో చేరా. నెలకి ఏడు వేలు. హాస్టల్‌కే అయిదున్నర వేలు. షాపు ఓనర్‌ని అందరూ భాయ్ అనేవాళ్లు. మొదటి రోజు నన్ను చూసి, “అమ్మాయి రిసెప్షన్‌కా?” అన్నారు. “కాదు భాయ్, టేబుల్‌కి” అన్నా. ఒక పాత లాప్‌టాప్, ఒక స్క్రూడ్రైవర్ చేతికిచ్చి “విప్పు, మళ్లీ బిగించు” అన్నారు. బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. “రెండే కదా, పర్లేదు, నాకు మొదటిసారి అయిదు మిగిలాయి” అన్నారు. అలా ఉద్యోగం వచ్చింది.

అక్కడ నేర్చుకున్నది మూడు నెలల కోర్సులో లేదు. డిస్‌ప్లే రాకపోతే ముందు ర్యామ్ తీసి, దాని బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టి చూడటం. హీటెక్కి ఆగిపోతే ఫ్యాన్‌లో దుమ్ము ఊది, పేస్ట్ మార్చడం. ఒకసారి ఒక అంకుల్ పాత డెస్క్‌టాప్ తెచ్చి “ఏ వెబ్‌సైటూ ఓపెనవ్వట్లేదమ్మా, వైరస్సేమో, ఫార్మాట్ కొట్టు” అన్నారు. నేను పెన్‌డ్రైవ్ తీస్తుంటే భాయ్ స్క్రీన్ కింద మూల చూపించారు. తేదీ 2009 అని ఉంది. మదర్‌బోర్డు మీద బిళ్లలాంటి బ్యాటరీ అయిపోతే డేట్ వెనక్కిపోతుంది. డేట్ తప్పైతే వెబ్‌సైట్ సర్టిఫికెట్లు చెల్లవు, బ్రౌజర్ ఏదీ తెరవదు. నలభై రూపాయల బ్యాటరీతో పని అయిపోయింది. “కస్టమర్ రోగం చెప్తాడు, మందు మనం చెప్పాలి. ఆయన మందు చెప్తే వినకు, రోగం విను” అని భాయ్ తరచూ అనేవారు. నా కెరీర్‌లో నాకు దొరికిన గురువెవరంటే ఆయనే అంటా.

డిసెంబర్లో ఒక పెద్ద ఆఫీసుకి డెస్క్‌టాప్ సపోర్ట్‌గా వెళ్లా. వెళ్లానంటే ఆ కంపెనీ మనిషిగా కాదు. ఆ ఆఫీసు ఐటీ సపోర్ట్‌ని ఒక వెండర్‌కి ఇస్తుంది, ఆ వెండర్ మనల్ని కాంట్రాక్ట్ మీద పెడతాడు. ఎల్1 అంటారు. మీ మెడలో ట్యాగ్ రంగు కూడా వేరేగా ఉంటుంది. జీతం పద్నాలుగు వేలు. బేసిక్ తొమ్మిది వేల మీద పీఎఫ్ పన్నెండు శాతం, 1,080. ఈఎస్ఐ 0.75 శాతం, 105. చేతికొచ్చేది 12,815. తక్కువే. కానీ నా పేరు మీద యూఏఎన్ మొదలైంది చూశారా, దాని విలువ ఆ రూమ్మేట్‌ని చూశాక నాకు బాగా తెలుసు. పీఎఫ్ కట్టని చోట “చేతికి రెండు వేలు ఎక్కువ ఇస్తాం” అంటే ఆలోచించుకోండి. రేపు మీరు నిజంగా పనిచేసిన రెండేళ్లకి కూడా రుజువు చూపించడం కష్టమవుతుంది.

చేరిన రెండో నెలలో నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఫైనాన్స్‌లో ఒక మేడం లాప్‌టాప్ బాగా స్లో. విండోస్ మళ్లీ వేద్దామని నిర్ణయం. “డేటా ఉందా మేడం?” అని అడిగా. “అన్నీ వన్‌డ్రైవ్‌లోనే ఉంటాయిగా” అన్నారు. నేను “ఓకే” అనుకుని కొట్టేశా. ఆవిడ డెస్క్‌టాప్ ఫోల్డర్ సింక్ ఆగిపోయి ఎన్నాళ్లైందో ఎవరికీ తెలియదు. టాస్క్‌బార్‌లో మబ్బు గుర్తు మీద ఎర్ర క్రాస్ ఉండే ఉంటుంది, నేను చూడలేదు. ఆడిట్‌కి తయారు చేసుకున్న ఎక్సెల్ షీట్లు పోయాయి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. అదే ఎక్కువ బాధేసింది. టీం లీడ్ అడిగింది ఒకటే: “టికెట్‌లో ఏం రాశావ్?” నేను రాసింది “ఓఎస్ రీఇన్‌స్టాల్డ్, ఇష్యూ ఫిక్స్‌డ్.” అంతే. ఆవిడ ఒప్పుకున్నట్టు ఒక్క మెయిల్ లేదు. వార్నింగ్ లెటర్ ఇచ్చారు. సరైనదే ఇచ్చారు.

అప్పటి నుంచి నేను ఫార్మాట్ ముందు యూజర్ పక్కనే కూర్చుని ఫోల్డర్లు తెరిచి చూపించి, “ఇవి చాలా?” అని మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే ముట్టుకుంటా. పాత మెషీన్ డిస్క్‌ని వీలైతే ఒక వారం పక్కన పెడతా. కొత్తగా వచ్చిన పిల్లలు “అక్కా, ఇంత చాదస్తమేంటి” అంటారు. అననీ.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన టికెట్. ఒక సార్ అకౌంట్ రోజూ లాకవుతోంది. ఆయన ఫోన్ చేస్తారు, మనం అన్‌లాక్ చేస్తాం, టికెట్ క్లోజ్. మళ్లీ ఫోన్. మూడు వారాల్లో పదో పన్నెండో టికెట్లు. ప్రతిదాంట్లో “అన్‌లాక్డ్” అని ఒక ముక్క. మా వాళ్లందరికీ ఆ సార్ అంటే విసుగొచ్చింది, పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోలేడని జోకులు. ఒకరోజు ఖాళీగా ఉండి ఆ టికెట్లన్నీ వరసగా తీసి తేదీలు రాసుకున్నా. మంగళవారం, బుధవారం, గురువారం. మళ్లీ మంగళ, బుధ, గురు. సోమవారం, శుక్రవారం ఒక్కటి కూడా లేదు. టైం చూస్తే అన్నీ ఉదయం తొమ్మిదింపావు నుంచి తొమ్మిదిన్నర మధ్య.

ఆయనకి ఫోన్ చేసి “సార్, మీరు సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి పనిచేస్తారా?” అన్నా. “అవును, నీకెలా తెలుసు?” అన్నారు. అంటే ఆఫీసులోకి అడుగుపెడితేనే లాకవుతోంది. ఆఫీసులో ఉండి ఇంట్లో లేనిది ఏంటి? ఆఫీస్ వైఫై. మా ఆఫీసులో వైఫైకి కూడా అదే పాస్‌వర్డ్. లాప్‌టాప్ చూశా, ఫోన్ చూశా, రెండిట్లోనూ కొత్త పాస్‌వర్డే. “ఇంకేమైనా ఉందా సార్?” “ఏం లేదమ్మా.” బ్యాగ్ తెరవమన్నా. కింద అరలో ఒక పాత ఫోన్, కారులో పాటలకని పెట్టుకున్నది. ఏడాది క్రితం దాంట్లో ఆఫీస్ వైఫై సేవ్ చేశారు. ఆయన గేటు దాటగానే అది పాపం పాత పాస్‌వర్డ్‌తో తలుపు కొడుతోంది, కొడుతోంది, అయిదోసారికి అకౌంట్ లాక్. “ఫర్‌గెట్ నెట్‌వర్క్” నొక్కా. అంతే, మళ్లీ ఆ టికెట్ రాలేదు.

ఎల్2లో ఒక అన్న ఉండేవాడు. ఆయనకి చెప్తే సర్వర్‌లో లాగ్ తీసి చూపించాడు. అకౌంట్ లాకైన ప్రతిసారీ డొమైన్ కంట్రోలర్‌లో 4740 అనే నంబర్‌తో ఒక ఈవెంట్ పడుతుంది, ఆ తప్పు పాస్‌వర్డ్ ఎటు నుంచి వచ్చిందో అందులో కొంత ఆచూకీ ఉంటుంది. “నీకు దీన్ని చూసే యాక్సెస్ లేదు, అయినా పట్టుకున్నావ్” అన్నాడు. ఆ రోజు మొదటిసారి నాకు అనిపించింది, ఇది చిన్న పని కాదని. కోడింగ్ రానివాళ్ల పని అసలే కాదని.

2024 జూలై 19, శుక్రవారం. ఆ రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తప్పు అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా విండోస్ మెషీన్లు బ్లూ స్క్రీన్‌తో పడిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా 85 లక్షల మెషీన్లు. మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో ఫోన్లన్నీ తిరిగింది. మా ఫ్లోర్‌లో పది గంటలు దాటాక ఒక్కొక్క స్క్రీన్ నీలంగా మారడం మొదలైంది. మొదట నేనే ఏదో నొక్కేశానేమోనని గుండె ఆగిపోయింది. (నవ్వు)

రిమోట్‌లో చేద్దామంటే మెషీన్ బూట్ అయితే కదా. ప్రతి లాప్‌టాప్ దగ్గరకీ మనిషే వెళ్లాలి. రికవరీలోకి వెళ్లి, డ్రైవర్స్ ఫోల్డర్‌లో సి-00000291తో మొదలయ్యే ఫైల్ ఒకటి డిలీట్ చేయాలి. కానీ డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంది, దానికి 48 అంకెల కీ కొట్టాలి. ఒక్క అంకె తప్పినా కుదరదు. ఆరువందల మెషీన్లకి మేం నలుగురం. ఇంట్లో ఉన్నవాళ్లకి ఫోన్‌లో ఆరేసి అంకెలు చదవాలి, వాళ్లు తిరిగి చెప్పాలి. ఒకావిడకి “నాలుగు, తొమ్మిది” అంటుంటే వెనకాల వాళ్ల చిన్న పాప కూడా “నాయుగు, తొమ్మిది” అని అంటోంది. రాత్రి పన్నెండు దాకా చదివా. గొంతు పోయింది. లక్షల జీతాలవాళ్లు చేతులు కట్టుకుని మా వెనక క్యూలో నిలబడ్డారు. ఒక డైరెక్టర్ గారు నా ట్యాగ్ చూసి పేరు పెట్టి థాంక్యూ అన్నారు. ఏడాదిన్నరలో ఆ ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలిచిన పెద్దవాళ్లు ఆయనొక్కరే. మా నలుగురికీ పిజ్జా తెప్పించారు.

సోమవారం నుంచి మళ్లీ మామూలే. డిసెంబర్లో ఆ ఆఫీసు వెండర్‌ని మార్చింది. కొత్త వెండర్ పాతవాళ్లలో సగం మందిని తీసుకుంటానన్నాడు. నన్ను తీసుకోలేదు. కారణం అడిగితే హెచ్‌ఆర్ కుర్రాడు పాపం దాచలేకపోయాడు: “మేడం, నైట్ షిఫ్ట్ అమ్మాయిలకి క్యాబ్ పెట్టాలి, అబ్బాయిలైతే బైక్ మీద వచ్చేస్తారు.” వార్నింగ్ లెటర్ కారణమన్నా ఒప్పుకునేదాన్ని. ఇది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాత అయిదున్నర నెలలు ఖాళీ. పీఎఫ్‌లోంచి పాతిక వేల దాకా తీసుకుని హాస్టల్‌కి కట్టా. అది తియ్యకూడదనేవాళ్లు ఉంటారు, తినకుండా ఉండమంటారా మరి? ఆ టైంలో భాయ్ షాపులో ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ ఒకటి వాయిదాల్లో కొనుక్కున్నా. దాంట్లో వర్చువల్‌బాక్స్ వేసి, మైక్రోసాఫ్ట్ ఫ్రీగా ఇచ్చే విండోస్ సర్వర్ ఇవాల్యుయేషన్ కాపీ, 180 రోజులు పనిచేస్తుంది, అది వేసుకున్నా. ఆఫీసులో నాకు యాక్సెస్ లేదన్న డొమైన్ కంట్రోలర్ ఇప్పుడు నా మంచం మీద ఉంది. దొంగ పాస్‌వర్డ్ కొట్టి నన్ను నేనే లాక్ చేసుకుని, ఆ 4740 ఈవెంట్ వెతికి చూసుకున్నా. పిచ్చి ఆనందం. రూంలో వాళ్లు నవ్వారు. మైక్రోసాఫ్ట్ లెర్న్ సైట్‌లో పాఠాలన్నీ ఫ్రీనే, పరీక్షకి మాత్రం డబ్బు కట్టాలి. ఎండీ-102 అని ఎండ్‌పాయింట్ అడ్మిన్ పరీక్ష, మొదటిసారి పోయింది, రెండోసారి పాసయ్యా. సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇస్తారా అంటే ఇవ్వరు. రెజ్యూమే పక్కన పడేయకుండా ఇంకో నిమిషం చూస్తారు, నా అనుభవంలో దాని పని అంతవరకే.

2025 జూన్‌లో కొంచెం అదృష్టం. అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ముగిసింది కదా, అందరూ 11కి మారాల్సి వచ్చింది, పాత మెషీన్లలో టీపీఎం 2.0 లేకపోతే మార్చాల్సి వచ్చింది. ఆ పనికి మూడు నాలుగు నెలల కాంట్రాక్టులు చాలా పడ్డాయి. ఒకదాంట్లో దూరా. అది అయిపోతుండగా ఇప్పుడున్న కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది.

నమ్మండి నమ్మకపోండి, అదే ప్రశ్న. ఐపీ 169.254తో మొదలైంది, ఏం చేస్తావ్? ఈసారి నాకు ఫుల్ ఫామ్ గుర్తు రాలేదు, నిజంగా. నేను తిరిగి అడిగా: “ఆ ఒక్కళ్లకేనా సార్, పక్క సీటు వాళ్లకి కూడానా?” ఆయన పెన్ను కింద పెట్టారు. “ఒక్కళ్లకే.” “నిన్నటిదాకా వచ్చిందా? సీటు మారారా?” “ఈరోజే మారారు.” “అయితే ముందు ఆ కేబుల్ తీసి వేరే పాయింట్‌లో పెడతా. అక్కడ వస్తే తప్పు గోడలోదో స్విచ్ పోర్టుదో, లాప్‌టాప్‌ది కాదు. ఫ్లోర్ అంతా అయితే మాత్రం లాప్‌టాప్ ముట్టుకోను, డీహెచ్‌సీపీ వాళ్లకి ఫోన్ చేస్తా.” తర్వాత పాత ఫోన్ కథ చెప్పా, వైఫైది. వార్నింగ్ లెటర్ కథ కూడా చెప్పా, అడక్కుండానే. ఆయనకి ఏది నచ్చిందో తెలీదు. అక్టోబర్‌లో చేరా, కంపెనీ పేరోల్ మీదే, ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేలు. నా సీనియర్లు డెవలపర్లు మొదట్లోనే తీసుకునే జీతం ఇది, నాకు నాలుగేళ్లు పట్టింది.

ఏఐ వస్తే ఈ పని ఉంటుందా అని రాసి పంపారు చాలామంది. పాస్‌వర్డ్ రీసెట్ ఇప్పటికే మనుషులు చేయట్లేదు, యూజరే పోర్టల్‌లో చేసుకుంటాడు. అలాంటి ఈజీ టికెట్ల మీదే మేం నేర్చుకున్నాం, కొత్తవాళ్లకి అవి దొరకవు, అది నిజంగా నష్టం. బ్యాగ్ అడుగున పాత ఫోన్‌ని బాట్ వెతుకుతుందా అంటే, ప్రస్తుతానికి నేను చూడలేదు. అంతకుమించి జోస్యం చెప్పలేను.

నిన్న నాన్న ఫోన్ చేశారు. మా వీధిలో జిరాక్స్ షాపు ఆయనకి ప్రింటర్ పనిచేయట్లేదట. “మా అమ్మాయి చెప్పిద్ది ఉండు, అదే దాని ఉద్యోగం” అంటూ ఫోన్ ఆయన చేతికిచ్చేశారు. నాన్న నోట “అదే దాని ఉద్యోగం” అని నేను వినడం మొదటిసారి. ఇన్నాళ్లూ అడిగినవాళ్లకి “సాఫ్ట్‌వేర్‌లే” అని దాటేసేవారు. షాపాయన “అమ్మా, కొత్త ప్రింటర్ కొనాలంటావా?” అన్నారు. “ఎప్పటి నుంచండీ? ఏదైనా ప్రింట్ మధ్యలో ఆగిందా?” అన్నా. నిన్న సాయంత్రం ఎవరిదో పెద్ద పీడీఎఫ్ మధ్యలో ఆగిందట. సర్వీసెస్‌లోకి వెళ్లి ప్రింట్ స్పూలర్ ఆపమని, క్యూలో ఇరుక్కున్న ఫైల్ తీయించి, మళ్లీ స్టార్ట్ చేయించా. పది నిమిషాలు. అవతల ప్రింటర్ గరగరమని సౌండు, వెనకాల నాన్న “చెప్పలా?” అంటున్నారు.

నాకు రెండింటికి షిఫ్ట్, ఇంకో గంటే ఉంది. ప్రశ్నలు కింద రాయండి, రెజ్యూమేలు మాత్రం పంపకండి, నేను హెచ్‌ఆర్ కాదు. టికెట్ నోట్స్ ఎలా రాయాలో ఇంకో ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద చూపిస్తా. ఉంటానండీ.